రేకు కింద లక్క

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే తోవలో, జనగామ ఇంకా కొద్ది దూరం ఉందనగా పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచి గుడి తలుపులకు, రథాలకు, దేవుడి వాహనాలకు ఇత్తడి తొడుగులు చేసిన ఊరు. ఆ ఊళ్లో ఒక కంచరి తాత ఉండేవాడు. 70 ఏళ్లు దాటినా సుత్తి వదల్లేదు. ఒక శనివారం పొద్దున ఆయన కార్ఖానా ముందు ఒక కారు వచ్చి ఆగింది.

ముగ్గురు దిగారు. పెద్దవాడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. పుట్టి పెరిగింది జనగామలోనే. రెండోవాడు భూపాలపల్లి పిల్లగాడు, తండ్రి కేటీకే బాయిలో బొగ్గు కార్మికుడు. మూడో మనిషి మహబూబాబాద్ దగ్గరి ఒక లంబాడీ తండా నుంచి వచ్చిన అమ్మాయి. ఆ తండాలో ఇంజనీరింగ్ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. ఇద్దరూ అతని టీమ్‌లో చేరి ఏడాది కావస్తోంది.

కంపెనీ వార్షికోత్సవానికి 40 జ్ఞాపికలు కావాలి. లీడర్ నమూనా చూసుకుని, బయానా ఇచ్చి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. పిల్లలిద్దరూ బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. తాత వాళ్ల దిక్కు చూసి, "మంచిగున్నరు పిల్లలు" అన్నాడు.

"మంచోళ్లే తాతా, తెలివి గూడ ఉన్నది. పరీక్ష పెట్టే తీసుకున్నం. తీరా చేరినంక మీటింగుల నోరు తెరవరు. తెల్వంది అడగరు. ఆ పిల్లయితే మధ్యాహ్నం ఒక్కతే కూసోని తింటది. ఈ నెల రేటింగ్ రాయాలె. ఇద్దరికీ తక్కువే రాసేటట్టున్న. కొందరికి ఈ పని కుదరదేమో."

తాత మాట్లాడలేదు. లేచి వెళ్లి, ఒకే ఇత్తడి రేకులోంచి అరచేయంత ముక్కలు రెండు కత్తిరించాడు. ఒకటి నల్ల బండ మీద పెట్టాడు. రెండోదాన్ని కొలిమి పక్కన వెచ్చబెట్టిన లక్క మీద పరిచి బొటనవేలితో అంచులు ఒత్తాడు. రెండింటి మీదా ఒకే హంసను గీశాడు.

"సారూ, ఇటు రా. సుత్తి, ఉలి నువ్వే పట్టు. రెంటినీ ఒక్క తీరుగనే కొట్టు."

లీడర్ ముందు బండ మీది రేకును కొట్టాడు. రెండు దెబ్బలకు గీత సాగింది. నాలుగో దెబ్బకు హంస మెడ దగ్గర రేకు చిరిగి ఉలి బండకు తాకింది. చెయ్యి జివ్వుమంది. తర్వాత లక్క మీది రేకును కొట్టాడు. అదే సుత్తి, అదే చెయ్యి. ఒక్కో దెబ్బకు రేకు మెత్తగా కిందికి దిగింది. తాత దాన్ని విప్పి తిరగేసి చూపించాడు. హంస మెడ, వంపు తిరిగి, వేలికి తగిలేటంత ఉబ్బెత్తుగా లేచి ఉంది.

"ఏ రేకు చెడ్డది?"

"రెండూ ఒక్కటే రేకు కద తాతా."

"మరి?"

లీడర్ బండ వంక, లక్క వంక చూశాడు. "కింద ఉన్నది వేరు."

"గదే. రేకు లోతుకు దిగాలంటే కింద జాగ ఇచ్చేది ఉండాలె. పక్కకు జారకుండ పట్టుకునేదీ ఉండాలె. లక్క ఆ రెండు పన్లూ చేస్తది. దెబ్బ తింటెనే బొమ్మ అయితది, కాదనను. గని కింద లక్క లేని దెబ్బ బొమ్మ చెయ్యదు సారూ, బొక్క చేస్తది."

తాత మళ్లీ కూర్చుని అడిగాడు. "మొదటి రోజు నువ్వు కంపెనీకి పోయినప్పుడు ఎవరు తోలుకపోయిండ్రు?"

"మా మేనమామ. ఆయన అండ్లనే మేనేజర్."

"పట్నంల ఎవరి దగ్గర ఉన్నవ్?"

"మామ ఇంట్లనే. మూడేండ్లు."

"పని తెల్వకపోతే ఎవరిని అడిగినవ్?"

"మామ దోస్తులుండిరి. మా కాలేజీ సీనియర్లుండిరి. రాత్రి పదింటికి ఫోన్ చేసినా విసుక్కోకుండ..." చెబుతూ చెబుతూ లీడర్ ఆగిపోయాడు.

"నీ కింద లక్క ఎచ్చగుండె బిడ్డా. నీకు కనపడలె, అంతే. లక్క ఎవరికీ కనపడదు. బొమ్మ అయినంక రేకును ఊడదీసి ఇస్తం. చూసినోళ్లు రేకునే మెచ్చుకుంటరు."

అప్పటికి పిల్లలిద్దరూ లోపలికి వచ్చారు. భూపాలపల్లి పిల్లగాడు చిరిగిన రేకును చేతిలోకి తీసుకుని కథంతా విన్నాడు. "మా బాపు గూడ ఇదే చెప్తడు తాతా. బాయిల ముందు కప్పుకు ఆసరా నిలబెడ్తరు. తర్వాతనే బొగ్గు తియ్యమంటరు. ఆసరా లేకుండ మనిషిని పంపినంక కప్పు కూలితే, తప్పు పోయినోనిది కాదంటడు."

తాత ఈలోగా లక్క మీంచి తీసిన రేకును పట్టకారుతో కొలిమిలో పెట్టాడు. ఎర్రబడ్డాక తీసి పక్కన ఉంచాడు. తండా అమ్మాయి ముందుకు వంగి అడిగింది. "మంచిగనే వచ్చింది కద తాతా. మళ్లెందుకు కాల్చినవ్?"

"ఇంకా ముక్కు చెయ్యాలె, రెక్కలు చెయ్యాలె తల్లీ. కొట్టంగ కొట్టంగ ఇత్తడి బిర్రుగైతది. అట్లనే కొడితే పలుగుతది. నడుమ నడుమ కాల్చి మెత్తగ చేసి, కొంచెంసేపు ఇడిచిపెట్టాలె. అప్పుడు మళ్లా దెబ్బకు ఓర్చుకుంటది."

అమ్మాయి ఆ రేకునే చూస్తూ నిలబడింది. తర్వాత, ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడింది.

"సార్, నేను ఒక్కదాన్నే ఎందుకు తింటున్నో మీరు ఎప్పుడూ అడగలె. చేరిన రెండో వారం మా అమ్మ ఫోన్ చేసింది. యాడీ అని పిలిచి మా భాషల మాట్లాడిన. ఎనక కూసున్నోళ్లు యాడీ, యాడీ అనుకుంట నవ్విండ్రు. అప్పటిసంది ఆఫీసుల అమ్మ ఫోన్ ఎత్తుడు బంద్ జేసిన. ఇంకోసారి మీటింగుల ఒక తప్పు చూపించిన. నీ ర్యాంకెంత, ఏ కోటా అని ఒక సార్ అడిగిండు. నవ్వుకుంటనే అడిగిండు. మీరు అక్కడ్నే ఉన్నరు సార్."

కార్ఖానాలో కొలిమి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. లీడర్‌కు ఆ రోజు గుర్తుంది. తనూ కొంచెం నవ్విన సంగతి కూడా గుర్తుంది.

"తప్పు నాది" అన్నాడు. అని, చిరిగిన రేకును అడిగి తీసుకున్నాడు. పైసలు ఇవ్వబోతే తాత వద్దన్నాడు. "రేటింగ్ రాసేటప్పుడు ముంగట పెట్టుకో."

సోమవారం ఆ రేకు అతని టేబుల్ మీదికి చేరింది. రేటింగ్ కాగితం తీసి, పిల్లలు ఏం చెయ్యలేదో రాసే ముందు, వాళ్లకు తను ఏం ఇవ్వలేదో ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాడు. పని నేర్పడానికి ఎవరినీ పెట్టలేదు. తెలియంది అడిగితే తప్పు కాదని ఒక్కసారీ చెప్పలేదు. మాట పడ్డప్పుడు అడ్డుపడలేదు. ఆ వారమే ఇద్దరికీ ఒక్కో సీనియర్‌ను తోడిచ్చి, రోజూ అరగంట వాళ్లకే కేటాయించమన్నాడు. మీటింగుకు ముందే అందరి అభిప్రాయాలూ రాతలో తీసుకుని, ఎవరి మాటను వాళ్ల పేరుతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకోసారి ఎవరో ర్యాంకు సంగతి ఎత్తితే, అందరి ముందే "ఈ గదిలో ఆ ప్రశ్న అడగొద్దు" అన్నాడు.

మరుసటి ఏడు జ్ఞాపికల బయానా ఇవ్వడానికి పెంబర్తికి ఆ అమ్మాయే వచ్చింది. వెంట కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు. తాత చాయ్ తెప్పించాడు. గ్లాసు చేతిలో ఉండగా ఆమె ఫోన్ మోగింది. ఆమె అక్కడే కూర్చుని, అందరికీ వినపడేలా, "యాడీ!" అంది.

నీతి

చిరిగిన రేకును నిందించే ముందు, దాని కింద ఏం పెట్టామో చూసుకోవాలి.

ఈ నీతి మన ఐటీ ఆఫీసులకు ఇవాళ చాలా అవసరం. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరింది 1976 చట్టంతో. అప్పటి నుంచి రెండు తరాల్లో తండాల నుంచి, మాదిగ మాల వాడల నుంచి, బొగ్గుబాయి క్వార్టర్ల నుంచి పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల దాకా వచ్చారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్లకు చోటు చూపింది. కానీ ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ గడప దగ్గర ఆ రిజర్వేషన్ ఆగిపోతుంది. అక్కడ చాలా ఉద్యోగాలు తెలిసినవాళ్ల సిఫారసు మీద నడుస్తాయి. మేనమామ ఉన్నవాడికి అది వెచ్చని లక్క. మేనమామ లేనివాడికి మిగిలేది బండ. ఇద్దరినీ ఒకే సుత్తితో కొట్టి, ఒకే కొలతతో కొలిచి, దాన్ని ప్రతిభ అంటున్నాం.

బండ సముద్రం దాటినా బండే. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద, అక్కడి ఇద్దరు మేనేజర్ల మీద దావా వేసింది. అక్కడ పనిచేసే ఒక దళిత ఇంజనీర్ పట్ల కులవివక్ష జరిగిందన్నది ఆరోపణ. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. ఆ ఇద్దరు మేనేజర్ల మీది కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. ఆ కేసులో తీర్పు సంగతి ఎలా ఉన్నా, అమెరికా ఆఫీసుల్లో కులం గురించి నోరు విప్పే ధైర్యం చాలామందికి దానితోనే వచ్చింది. 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగరం కులవివక్షను చట్టం ద్వారా నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పెరిగిన ఆ ప్రాంతంలో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు.

అదే అమెరికాలో నల్లజాతి ఇంజనీర్లు తరాలుగా ఈ బండ మీదే దెబ్బలు తిన్నారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌కు మూలమైన 9 పేటెంట్లలో మూడింటిలో పేరున్న మార్క్ డీన్ నల్లజాతి ఇంజనీరే. కంప్యూటర్‌కు ప్రింటర్ లాంటివి తగిలించుకునే దారి వేసినవాళ్లలో ఆయన ఒకరు. మనం వాళ్లకు బాకీ పడ్డది అంతకన్నా పెద్దది. 1964 పౌరహక్కుల చట్టం నల్లజాతివారు రక్తం చిందించి సాధించింది. ఆ ఉద్యమం ఊపులోనే 1965లో, దేశాలవారీ కోటాలను తీసేసిన వలస చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాలో అడుగుపెట్టిన తలుపు అది. ఆ తలుపు తీసినవాళ్ల పిల్లలు మన టీమ్‌లో ఒంటరిగా కూర్చుని తింటుంటే, పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడం మన కనీస ధర్మం.

కులం బాధకూ నల్లజాతి బాధకూ పోలిక ఉందని అంబేడ్కర్ ఎప్పుడో గుర్తుపట్టారు. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, డుబోయిస్ జవాబిచ్చారు. అదే ఏడు జులై 4న, పెంబర్తి ఉన్న ఈ జనగామ జిల్లాలోనే, కడవెండిలో, దొరకు ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. మనిషిని మనిషిగా చూడమని అడిగిన నేల ఇది. ఈ నేల నుంచి వెళ్లి మేనేజర్ అయినవాళ్లకు ఆ మాట మరిచే హక్కు లేదు.

2020 జనవరిలో వరంగల్ పక్కన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచారు. జనగామ, మహబూబాబాద్ పిల్లలు రైలెక్కి, రైలు లేని భూపాలపల్లి పిల్లలు బస్సెక్కి చేరుకోగల దూరం అది. ఆఫీసు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు లోపల లక్క వెచ్చబెట్టాలి. అందుకు పెద్ద పథకాలు అక్కర్లేదు. కొత్తగా వచ్చినవారికి పని నేర్పే మనిషిని పేరు పెట్టి అప్పగించండి. సిఫారసు చేసేటప్పుడు మీ వాడకట్టు దాటి ఒక్క పేరైనా ఇవ్వండి. ఇంటిపేరు, ర్యాంకు, కోటా అడిగే నోటిని అక్కడికక్కడే ఆపండి. ఫిర్యాదు చేసినవారికి కీడు జరగదని రాసివ్వండి. పని బరువుకు బిర్రుగైన మనిషికి కొంచెంసేపు ఊపిరి తీసుకోనివ్వండి.

ఈ ఏడు రేటింగ్ రాయబోతున్న అన్నా, అక్కా, కలం పట్టే ముందు ఒక్కసారి గుర్తుచేసుకోండి. మొదటి రోజు మిమ్మల్ని ఎవరు తోలుకపోయారు? మీ టీమ్‌లో ఎవరూ తోలుకరాని ఆ పిల్లను రేపు పొద్దున మీరు తోలుకపోండి.