కుక్కపిల్లను కొనువాని వంతు

మెట్టకూరులో ఇంట కూర్చుండియే నేడు ఫోనులో ఫొటో చూచి జాతి కుక్కపిల్లకు బేరమాడవచ్చును. తల్లికుక్కను చూడనక్కరలేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

శ్రద్ధగా పెంచువాడు తల్లిని చూపును, టీకాల కాగితమిచ్చును, పగలు మీ యింట ఎవరుందురని అడుగును; తృప్తి లేనిచో పిల్లనియ్యడు. వర్తకులమైన మనకిది వింత. అంగడికి వచ్చినవానిని ఈ బియ్యమేమి చేసికొందువని అడుగుదుమా? కాని ఇందులో అమ్ముటకు వెనుదీయువాడే నమ్మదగినవాడు. రెండవవాడు సొమ్ము తప్ప మరేమియు అడుగడు. బోనులోని ఆడకుక్క వానికి యంత్రము, ఈతకు ఈత ఆదాయము.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను; 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు; ఏటికి ఒక ఈతకు మించరాదు. నమోదు పత్రము అడుగుటకు మొగమాటమెందుకు? హుండీ చూడక సొమ్మిత్తుమా?

జంతువుల వర్తకము, అనగా కేశవాణిజ్యము, పదునైదు కర్మాదానములలో నొకటి. "మేము అమ్ముట లేదు గదా" అని మనవారందురు. మరి కృత, కారిత, అనుమోదితములలో కొనుట ఎందు చేరును? జాలిపడి రోగపు పిల్లను విడిపించితిమనువారి సొమ్ముతోనే ఆ బోనులో మరియొక ఈత పుట్టును. ఆ పిల్ల కన్నులు చూచినవారికి ఈ మాట కఠినమే. అయినను కొనక, పశువైద్యునికో పోలీసులకో తెలుపుడు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టమున్నది.