విరిగిన బోల్టును తీయుట

ధ్యాన భాగములు: గలతీయులకు 6:1, యోహాను 21:9-17



ఇంజను బ్లాకులో బోల్టు విరిగినప్పుడు దాని తల మాత్రమే పానాతోకూడ చేతికి వచ్చును. మొండెము లోపలనే నిలిచిపోవును. పట్టుకొనుటకు ఏమియు మిగలదు. బోల్టు ఖరీదు కొద్ది రూపాయలే. అది చిక్కుకొన్న బ్లాకు ఖరీదు వేలకు వేలు. కావున పని తెలిసిన మెకానిక్కు బోల్టుమీద కోపము తీర్చుకొనడు. బ్లాకునకు హాని రాకుండ దానిని తీయుటెట్లు అని ఆలోచించును.

సంఘములోను కుటుంబములోను ఇట్టిదే జరుగుచుండును. ఒక సహోదరుడు తప్పిదములో చిక్కుకొనును. లేక ఒక మాట పడి మనసు విరిగి ఆరాధనకు వచ్చుట మానును. అతని పేరు సంఘపు పుస్తకములో నున్నది, మనిషి మాత్రము అందడు. అట్టివానిని కొట్టివేయుడనువారు కొందరు, వదలివేయుడనువారు మరికొందరు. పౌలు గలతీయ సంఘములకు వ్రాసినది ఈ రెండును కాదు; మెత్తని మనస్సుతో అతనిని తిరిగి చక్కచేయవలెనని ఆయన బోధించెను. అక్కడ వాడబడిన గ్రీకు క్రియయే మత్తయి 4:21లో యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుటను గూర్చియు వాడబడినది. అది తీర్పరి మాట కాదు, పనివాని మాట. గనుక పనివానియొద్ద మనము కొంత నేర్చుకొందము. తీయవలసినది మనిషిని కాదు, అతనిలో విరిగి నిలిచినదానిని అని మొదటనే జ్ఞాపకముంచుకొందము.

మొదట, అది ఏల విరిగెనో చూడవలెను. తుప్పు పట్టి విరుగవచ్చును. అల్యూమినియము బ్లాకులో ఉక్కు బోల్టున్నచో తేమ చేరి రెండు లోహముల నడుమ తినివేత పుట్టి, ఆ పొడి బోల్టును బిగబట్టును. ఒకే వేడికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును గనుక ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారి ఆ రెంటి నడుమ ఒత్తిడి కలుగును. అయితే అనేక పర్యాయములు కారణము మరియొకటి: పానాకు పైపు తొడిగి మితిమించి బిగించుట. బిగించిన చేయి గట్టిపరచుచున్నాననియే తలంచును. విశ్వాసమును గట్టిపరచుచున్నామని తలంచి మోయలేని భారమును, నలుగురిలో గద్దింపును మోపుటయు ఇట్టిదే. విరిగినవానిని నిందించుటకు ముందు బిగించిన చేతిని గూర్చి విచారింపవలెను.

రెండవది, నూనెయు వేడియు సమయమును కావలెను. మర సందులలోనికి ఇంకు నూనె వేసి, మెల్లగా తట్టి, అవసరమైతే రాత్రియంతయు విడిచిపెట్టుదురు. పిమ్మట బోల్టు చుట్టును వేడిచేసినచో రంధ్రము కొంచెము విచ్చుకొనును. ఇందులోను జాగ్రత్త కావలెను. పోత ఇనుమును ఒకేచోట హఠాత్తుగా కాల్చినచో పగులును. అల్యూమినియము ఎఱ్ఱబారి హెచ్చరింపకుండనే కరగిపోవును. ప్రతివాని లోహము ఒకటి కాదు. ఎరుగనన్న పేతురును సముద్రతీరమున ప్రభువు వెంటనే ప్రశ్నింపలేదు. నిప్పులు, చేపలు, రొట్టె సిద్ధముచేసి మొదట భోజనము పెట్టెను.

మూడవది, మధ్యను కనుగొనవలెను. ముక్క పైకి కనబడుచున్నచో దానిమీద నట్టు పెట్టి వెల్డింగు చేసి త్రిప్పుదురు. లోపల విరిగినచో పైభాగమును ఆకురాయితో సమముచేసి, సరిగా నడిమధ్యను సెంటరు పంచితో గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో నిటారుగా తొలుతురు. గుర్తు ప్రక్కకు జరిగినచో డ్రిల్లు మెత్తని అల్యూమినియములోనికి జారి మంచి భాగమును కోయును. మనిషి తప్పును విడిచి అతని కులమును, పేదరికమును, తండ్రిని ఎత్తి మాటలాడుట ఇట్టి పనియే. ప్రభువు పేతురును ప్రధానయాజకుని ముంగిట జరిగినదానిని గూర్చి అడుగలేదు. ప్రేమను గూర్చి మూడు మారులు అడిగెను. విరిగినచోటు అదియే.

నాలుగవది, ఒక హెచ్చరిక. తొలిచిన రంధ్రములో ఎడమ మరగల ఈజీ అవుట్ అను పనిముట్టును దింపి వెనుకకు త్రిప్పుదురు. తొందరపడి బలము చూపినచో అదియు లోపలనే విరుగును. అది బోల్టుకంటె ఎంతో గట్టి ఉక్కు. మామూలు డ్రిల్లు దానిని కోయలేదు. ఒక తప్పిదము మీద ఒక కఠినమైన మాట విరిగి నిలిచినచో రెండవదానిని తీయుటయే మిక్కిలి కష్టము. చక్కచేయబోవువాడు తన్ను తాను చూచుకొనవలెనని అపొస్తలుడు చేర్చుట ఊరకయే కాదు.

అయిదవది, బోల్టు వచ్చినను పని ముగియలేదు. మర కొద్దిగా చెడినచో ట్యాపుతో శుభ్రపరచిన చాలును. పూర్తిగా పోయినచో మార్గమొకటి కలదు. 8 మిల్లీమీటర్ల బోల్టు, 1.25 మిల్లీమీటర్ల మర అయినచో రంధ్రమును 8.3 మిల్లీమీటర్లకు పెంచి, దానికై చేసిన ట్యాపుతో క్రొత్త మర కోసి, స్టెయిన్‌లెస్ ఉక్కు తీగచుట్టను అందులో ఎక్కింతురు. బోల్టు మరల పాత కొలతదే పట్టును. చెడినదానిని కప్పిపుచ్చరు, కోసివేయుదురు. అందుచేతనే అల్యూమినియములో ఈ మర పలుమారులు మొదటిదానికంటె బలముగా నిలుచును. పంఫూలియలో పనివిడిచి వెళ్లిన మార్కును పౌలు వెంటబెట్టుకొనిపోనొల్లలేదు, బర్నబా చేరదీసెను. తరువాత 2 తిమోతి 4:11లో ఆ మార్కునే తోడుకొని రమ్మని, అతడు పరిచర్యకు ఉపయోగపడువాడని పౌలే వ్రాసెను.

తుదకు, రంధ్రములోని రజను ఊదివేయుదురు. అడుగున మూసియున్న రంధ్రములో నూనె నిలిచియుండగా బిగించినచో ఆ ఒత్తిడికి బ్లాకే పగులవచ్చును. కొలతపానాతో చెప్పిన కొలతకే బిగింతురు. తిరిగి వచ్చినవానికి పని అప్పగింపుడి, మితముగా అప్పగింపుడి. పాత సంగతులు అడుగున నిలిచియుండగా భారము మోపకుడి.

ఈ పుటను చదువుచున్న నీవే విరిగినదానిని లోపల మోయుచున్నయెడల, సోదరుడా, సోదరీ, నిన్ను పారవేయవలెనని ప్రభువు తలంపలేదు. ఆయన చేయి తొందరపడదు. సంఘస్థులారా, ఈ నెలలో ఒక్క పేరు తలంచుకొని, ప్రార్థించి, ఆ యింటికి వెళ్లుడి. మొదటి దినమున నూనె మాత్రమే తీసికొని వెళ్లుడి.

తండ్రీ, మా చేతులకు సాత్వికమును, ఓర్పును దయచేయుము. ఆమేన్.