పిల్లలు వెళ్లిన ఇల్లు, వానప్రస్థం

ఆశ్రమధర్మంలో గృహస్థాశ్రమం తరువాతి దశ వానప్రస్థం, అంటే సంసారభారాన్ని సంతానానికి అప్పగించి అడవికి చేరి తపోజీవనం గడపడం. చర్మం ముడతలు పడి, జుట్టు నెరసి, మనుమడి ముఖం చూసిన గృహస్థు అందుకు తగినవాడని మనుస్మృతి 6వ అధ్యాయం చెబుతుంది. అక్కడ ఇల్లు విడిచేది పెద్దలు. పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాదుకో డాలస్‌కో తరలిపోయిన నేటి తెలుగు ఇంట్లో పెద్దలే మిగిలిపోతారు కాబట్టి, తాము ఎంచుకోని ఈ ఎడబాటును వైరాగ్యమనడం తొందరపాటవుతుంది.

భగవద్గీత 13వ అధ్యాయం జ్ఞానసాధనాల్లో పుత్రులు, భార్య, ఇల్లు మొదలైనవాటిపట్ల అనభిష్వంగాన్ని పేర్కొంటుంది. అభిష్వంగమంటే ఎదుటివారి సుఖదుఃఖాలనే తన సుఖదుఃఖాలుగా, వారి బతుకునే తన బతుకుగా భావించేంత గాఢమైన తగులమని శంకరాచార్యులు వివరించారు. ఇద్దరికే వండవలసిన పూట చేయి అలవాటుగా నలుగురికి సరిపడా బియ్యం కొలవడం, అమెరికాలో తెల్లవారేదాకా ఫోను పక్కనే కూర్చోవడం ఈ తగులపు ఆనవాళ్లే. అయినా వీటిని అజ్ఞానమని కొట్టిపారేయడం క్రూరత్వం. భాగవతం 3వ స్కంధంలో తన కొడుకు కపిలుడి నుంచి తత్త్వోపదేశం పొందిన దేవహూతి కూడా, భర్త కర్దముడు అప్పటికే సన్యసించి వెళ్లగా, కుమారుడూ ఇల్లు విడిచినప్పుడు దుఃఖించింది. ఆమె అడవులు వెతుక్కుంటూ పోలేదు. సరస్వతీ తీరాన తాను కాపురమున్న ఆశ్రమంలోనే నిలిచి, కొడుకు చెప్పిన యోగాన్ని సాధన చేస్తూ, ఆ కొడుకునే హరిగా ధ్యానిస్తూ ముక్తి పొందింది.