అదనపు సంపాదన: కాయకమా? ఆశయా?

వీరశైవ ధర్మమున కాయకమునకు గల స్థానము మరి ఏ సాధనకును తీసిపోదు. 12వ శతాబ్దియందు కళ్యాణ పురమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారిగా ఉద్యోగము నిర్వహించుచునే శరణ సమూహమునకు మార్గదర్శకుడయ్యెను. బట్టలుదుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య ఆ సమూహమున సమాన గౌరవము పొందిరి. ఏ వృత్తి చేయుచున్నారని ఎవరును అడుగలేదు. ఎంత శుద్ధిగా చేయుచున్నారన్నదే అచటి కొలత.

ఆ కొలతతో పరిశీలింపదగిన క్రొత్త ప్రశ్న యొకటి నేడు మన కుటుంబములలో తలయెత్తినది. పగలు ఉద్యోగము చేసుకొనుచు, రాత్రివేళ బొమ్మలు గీసి ఇంటర్నెట్ ద్వారా అమ్ముకొను యువతీయువకులు నేడు కలరు. ఎక్కడనో ఉన్నవారు తమ తల్లిదండ్రుల ఫోటోనో, పెండ్లి ఫోటోనో ఫోనులో పంపుదురు. సగము సొమ్ము అడ్వాన్సుగా ముట్టును. మొదట చిత్తు గీత చూపి, వారు కోరిన దిద్దుబాట్లు చేసి, పని ముగిసిన పిదప మిగిలిన సొమ్ము తీసికొందురు. 2016లో యూపీఐ వచ్చిన నాటినుండి దేశములో ఈ చెల్లింపు క్షణములో జరిగిపోవుచున్నది.

“జీతము చాలదా? ఈ ఆశ ఎందులకు?” అని పెద్దలందురు. “దొంగతనము చేయుట లేదు కదా! చేతిపని కాయకము కాదా?” అని పిల్లలందురు. రెండు మాటలలోను సత్యము కలదు. వాటి పొత్తు తెలియవలెనన్న ఇరువురు శరణుల చరిత్రలను స్మరింపవలెను.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము సాగించినవాడు. ఒకనాడాయన నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. అతని ధర్మపత్ని లక్కమ్మ అది గమనించి, అధికమైన బియ్యమును తెచ్చిన చోటనే విడిచి రమ్మనెను. ఈ కథ పైకి పెద్దల వాదమునే బలపరచునట్లు తోచును. కాని లక్కమ్మ నిరాకరించినది శ్రమను కాదు. రాలిన గింజ ఏరుకొను ప్రతి పేదవానికిని చెందినది. తమ యవసరమునకు మించిన పిడికెడు మరియొకరి యింటి రాత్రిభోజనము. కనుక అదనపు రాబడి తగునా తగదా అనుటకు ముందు, అది ఎవరి పాలు అని విచారింపవలెను.

మొదటిది, జీతమిచ్చువారి పాలు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమములు అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా కృషికి ముందనుమతి అక్కరలేదన్నవి. విధి నిర్వహణకు లోపము రారాదని షరతు కూడ పెట్టినవి. కొలువు ఏదైనను నీతి యిదియే. రాత్రి యంతయు గీసి పగలు బల్లమీద కునుకు తీయువాడు జీతపు బియ్యమును రెండుసార్లు ఏరుకొనుచున్నాడు.

రెండవది, కొనువారి పాలు. నులియ చందయ్య త్రాళ్లు పేని అమ్మి దాసోహము చేసెను. త్రాటికి తగిన వెలకు మించి వచ్చిన ధనమును ఆయన అంగీకరింపలేదని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. చిత్రకారుడును వెల, గడువు, దిద్దుబాట్ల సంఖ్య ముందే చెప్పవలెను. నేడు కృత్రిమ మేధస్సు క్షణములో బొమ్మ కల్పించుచున్నది. యంత్రము చేసినదానిని చేతిపని యని అమ్ముట అసత్యము. మరియొక సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, ఒకరు కోరి సొమ్మిచ్చి గీయించుకొన్న రూపచిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, తొలి హక్కుదారు గీయించుకొన్నవారే. అట్టిదానిని వారినడుగక మరల అచ్చువేసి అమ్ముకొనుట తగదు.

మూడవది సాటి చిత్రకారుని పాలు. కఠినమైన పరీక్ష ఇదియే. ఫ్లెక్సీలు వచ్చిన పిదప గోడలమీద, దుకాణపు బోర్డులమీద అక్షరములు వ్రాసి బ్రతికిన కళాకారులెందరో పని కోల్పోయిరి. కుంచెయే అన్నము పెట్టవలసిన అట్టివాడు రెండువేలు అడుగవలసిన బొమ్మను, జీతమున్నవాడు రెండువందలకు గీసి యిచ్చెననుకొందము. తనకు అత్యాశ లేదని అతడు సంతోషించును. ఆ చౌక వలన ఎవరి పొయ్యి వెలుగలేదో అతనికి కానరాదు.

చందయ్య ఎక్కువ వెల వలదన్నాడు, తక్కువకు ఇచ్చుట సుగుణము కాదా యని ఎవరైన అడుగవచ్చును. తగిన వెల యనగా అధికము కానిది, అల్పమును కానిది. అందు రంగుల ఖర్చు, గడియల శ్రమ, ఏండ్ల సాధన కలిసియుండును. పేదవానికి ఉచితముగా గీసి యిచ్చుట దాసోహము. గిరాకీని లాగుకొనుటకు చౌకను వలగా పన్నుట దాసోహము కాదు.

కావున జీతమున్నవాడు బొమ్మ గీయరాదని శరణ ధర్మము చెప్పదు. తగిన వెల అడుగుము, తీరికకు మించిన పనిని కుంచెమీద బ్రతుకువానికి అప్పగింపుము, ఉదయపు ఇష్టలింగార్చనకు భంగము రానీయకుము, మిగిలినదానిలో కొంత మఠమునందలి అన్నదాసోహమునకో, పేదపిల్లవాని పుస్తకములకో వినియోగింపుము అని మాత్రమే చెప్పును. దాసోహమునకు చేరని కాయకము సగము దారిలో నిలిచిన ప్రయాణము.

సొమ్ము జమయైనదని ఫోను మ్రోగినప్పుడెల్ల ప్రతి యింటను ఒక లక్కమ్మ ఉండవలెను. “ఇది మన పాలేనా?” అని ఆమె అడుగవలెను. ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగలిగిననాడు ఆ రాబడి శివార్పణమునకు యోగ్యమగును.