అందరికీ ఒకే పుస్తకమా?

ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే మిఠాయి పంచటం తేలికే. ముక్క పెద్దదో చిన్నదో కళ్ళకి కనబడుతుంది. పేచీ వస్తే కాస్త అటూ ఇటూ సర్దవచ్చు. చదువు పంచటమే కష్టం. చదువులో సమానం అంటే ఏమిటి? అందరి చేతికీ ఒకే పుస్తకం ఇవ్వటమా? ఎవరికి తగింది వారికివ్వటమా? అయిదు వేళ్ళూ ఒకలా వుండవని సామెత చెప్పుకుంటాం. చెప్పులు కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుంటుంది గానీ పుస్తకాలు కొనేటప్పుడు గుర్తుండదు.

ఈ ఆలోచన నాలో రేపింది మా మేనకోడలు. అమెరికాలో, టెక్సాస్‌లో వుంటోంది. పదమూడేళ్ళ ఆడపిల్ల, తొమ్మిదేళ్ళ వాడొకడు, ఆరేళ్ళ వాడొకడు. ముగ్గురికీ ఇంట్లోనే తనే చదువు చెబుతుంది. ఇదేం విడ్డూరం అనుకోకండి. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లో చదివించుకోవటం 1993 నాటికే అక్కడి యాభై రాష్ట్రాల్లోనూ చట్టసమ్మతమయింది. అలా చదివించే కుటుంబాల్లో కొందరు పిల్లలకి లాటిన్ కూడా నేర్పుతారు. మావాళ్ళకీ ఆ గాలి సోకింది. "సంస్కృతం చెప్పుకోక, ఎవరూ మాట్లాడని ఆ భాషెందుకే?" అని వాళ్ళత్తగారు అడిగారట. సంస్కృతం మాత్రం ఎవరింట్లో మాట్లాడుతున్నారని మా పిల్ల ఎదురు అడగలేదు కాబోలు!

ఇంతకీ ఫోన్‌లో తను నన్నడిగింది వేరు. "అత్తయ్యా, ముగ్గురికీ కలిపి ఒకటే పుస్తకం కొననా? పెద్దది ముందు నేర్చేసుకుని తమ్ముళ్ళకి చెప్పేస్తుంది. నాకూ కాస్త వూపిరాడుతుంది" అంది.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. లాటిన్ మనకి మరీ అంత పరాయిదేం కాదు. మన అగ్ని వాళ్ళకి ఇగ్నిస్, మన మాత వాళ్ళకి మాతేర్. మన పిల్లలు శబ్దమంజరి పట్టుకుని విభక్తులు వల్లె వేసినట్టే అక్కడి పిల్లలూ వేస్తారు. ఆరేళ్ళ వాడికి అర్థంతో పని లేదు, వల్లె వేయటమే ఆట. వెనకటి రోజుల్లో మన పిల్లలకి అమరకోశం అలాగే నోటికి వచ్చేది. అర్థం తరవాతెప్పుడో తీరిగ్గా వచ్చేది. పదమూడేళ్ళ పిల్ల అలా వూరుకోదు. ప్రతిదానికీ "ఎందుకలా?" అంటుంది. అందుకే పుస్తకాలూ రకరకాలుగా వున్నాయి. 1999లో ఇంగ్లండులో వచ్చిన 'మినిమస్'లో కథానాయకుడు ఒక చిట్టెలుక. రోమనుల కాలపు విండొలాండా కోటలో ఒక కుటుంబంతో పాటు కాపురముంటుంది. అంతా బొమ్మల కథే కాబట్టి చిన్నపిల్లలకి ప్రాణం లేచొస్తుంది. 1956లో వీలాక్ అనే అమెరికన్ ప్రొఫెసరు తెచ్చిన పుస్తకం కాలేజీ వాళ్ళకి పనికొచ్చేది. డెన్మార్కు పండితుడు ఓర్‌బెర్గ్ రాసినదాంట్లో మొదటి వాక్యం నుంచీ అంతా లాటినే. బొమ్మా సందర్భమూ చూసి అర్థం వూహించుకుంటూ సాగాలి. "ఎందుకలా?" అనే వయసుకి అది బాగుంటుంది. ఈ మూడింట్లో ఏది ముగ్గురికీ ఇచ్చినా, ఒకరికి విసుగు, ఇంకొకరికి బెదురు.

అసలు లాటిన్ ఎందుకు అంటారా? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు 1960 దాకా అందులో పరీక్ష పాసవటం తప్పనిసరి అనేవి. ఇవాళ ఆ అక్కరా లేదు. బుర్ర పదునెక్కుతుందని ఇంకా కొందరంటారు. థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1924లోనే వేలాది విద్యార్థుల్ని పరీక్షించి, లాటిన్‌కి అటువంటి ప్రత్యేక మహిమేమీ కనబడలేదని తేల్చాడు. 2003లో జర్మనీలో జరిగిన ఒక పరిశీలనలో, స్పానిష్ నేర్చుకోవటంలో లాటిన్ చదివినవాళ్ళ కంటే ఫ్రెంచి చదివినవాళ్ళే ముందున్నారు. కాబట్టి పిల్లలకి లేనిపోని ఆశలు పెట్టకూడదు. "బాగుంటుంది, నేర్చుకుందాం రండి" అంటే చాలు. పిల్లలకి సంగీతం నేర్పించటం లేదూ? మరి బాగుంటుందని నేర్పే చదువు ఒకరి నెత్తిన బరువై కూర్చుంటే అందులో ఇంక బాగేముంది?

ఇక్కడే నాకు జాన్ స్టూవర్ట్ మిల్ గుర్తొస్తాడు. అంతటి తత్త్వవేత్త ఏనాడూ బడికి పోలేదు. తండ్రి జేమ్స్ మిల్ ఇంట్లోనే మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్ మొదలుపెట్టించాడు. ఆ తండ్రి మనకీ తెలిసినవాడే. మన దేశాన్ని చూడకుండా, మన భాషల్లో ఒక్కటీ రాకుండా, 1817లో ఇండియా చరిత్ర అచ్చువేసిన మహానుభావుడు! తొమ్మండుగురు సంతానంలో జాన్ పెద్దవాడు. లాటిన్ నేర్చుకుంటూనే చెల్లెలికి చెప్పాలి. తరవాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. వాళ్ళకి పాఠం రాకపోతే జవాబుదారీ తనదే. 1873లో వెలువడిన ఆత్మకథలో ఆయన ఈ విషయం దాచుకోలేదు. చెప్పటంవల్ల తనకి చదువు గట్టిపడిందని ఒప్పుకుంటూనే, ఆ పని తనకి బొత్తిగా ఇష్టముండేది కాదన్నాడు. పిల్లల చేత పిల్లలకి చెప్పించే పద్ధతి ఇద్దరి మనసులకీ మంచిది కాదన్నాడు.

జార్జి ఇలియట్ 1860లో రాసిన 'ది మిల్ ఆన్ ది ఫ్లాస్' మీలో చాలామంది చదివే వుంటారు. బి.ఏ. రోజుల్లో నేను కంటతడి పెట్టుకున్న నవల అది. టామ్‌కి లాటిన్ అంటే తలనొప్పి. చెల్లెలు మాగీకి ఆ పుస్తకం చూస్తే చాలు, నోరూరుతుంది. అయినా డబ్బుపోసి చెప్పించింది టామ్‌కే. ఆడపిల్లల తెలివి పైపైదేననీ లోతుకు పోదనీ పంతులుగారు తేల్చేశారు. ఆ ఇంట్లో పుస్తకం వుంది, చదవాలన్న ఆకలీ వుంది. రెండూ ఒకచోట కలవలేదు, అంతే.

మన ఇళ్ళల్లో పెద్దకూతురంటే సగం అమ్మ. చంకన తమ్ముడు, చేతిలో చెల్లెలి జడ. అది తప్పని నేననను. తోబుట్టువుల ప్రేమ అలాగే అల్లుకుంటుంది. కానీ తన చదువు కూడా తమ్ముళ్ళకి అందించటానికే అని పిల్లకి తోచిందంటే, ఆ పుస్తకం మీద ఇంక మమకారం పుట్టదు.

మా మేనకోడలికి వూపిరాడటం లేదన్నదీ నిజమే. మనిషి ఒక్కతే, పిల్లలు ముగ్గురు. అందుకని ఇలా చెప్పాను. వల్లె వేయటం ముగ్గురూ కలిసి పావుగంట చెయ్యండి. చిన్నవాళ్ళిద్దరికీ చిట్టెలుక పుస్తకం చాలు. పెద్దదానికి దాని పుస్తకం దానికి కొను, రోజూ ఒక గంట దానికని విడిచిపెట్టు. అది తనంతట తాను తమ్ముళ్ళని పిలిచి చెబితే సంతోషించు, చెప్పి తీరాలని మాత్రం అనకు. ఇంకొక సంగతి. ఇంట్లో ఆ పిల్లల తండ్రి కూడా వున్నాడు. లాటిన్ మీ ఇద్దరికీ కొత్తే కనక, నాకు రాదనే సాకు ఆయనకూ లేదు. ఇద్దరిలో ఒకరు చిన్నవాళ్ళ పక్కన విద్యార్థిలా కూర్చుంటే సరి.

వూపిరాడని ఇంట్లో బరువు దించుకోవలసిందే. పెద్దవాళ్ళు ఇద్దరుండగా అది పదమూడేళ్ళ పిల్ల భుజం మీదకి దించాలా? ఆ పిల్ల రోజుకో గంట తలుపు దగ్గరగా వేసుకుని తన పుస్తకం తాను చదువుకుంటే ఆ ఇంటికి వచ్చే నష్టమేముంది, మీరే చెప్పండి.