ఋణము



నేఁటి యుపాసనయందు మనము విచారింపవలసిన పదము చిన్నది: ఋణము. ఈ మాట నెఱుఁగనివాఁడు లేఁడు. అయినను గణితజ్ఞుఁడును, న్యాయవాదియు, పురోహితుఁడును దీనిని మూఁడు విధములుగ వాడుచున్నారు.

గణితమున ఋణమనఁగా శూన్యముకంటెఁ దక్కువయగు సంఖ్య. బ్రహ్మగుప్తుఁడు క్రీ. శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధనఋణములను గూడుటకును, హెచ్చించుటకును సూత్రములు చెప్పెను. ఋణమును దానికి సమానమైన ధనముతోఁ గూడిన శూన్యమగును. అచ్చట ఎవరు ఎవరికిఁ జెల్లింపవలెనను ప్రశ్న లేదు.

న్యాయస్థానమున ఆ ప్రశ్న కలదు. కాని దానికొక గడువును గలదు. ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు సామాన్యముగ 3 సంవత్సరములే కాలము. అది దాఁటిన పత్రమునకుఁ గాలదోషము పట్టినదందుము. అట్టి వ్యాజ్యములు గెలిచి ఫీజు పుచ్చుకొన్నవారిలో నేనొకఁడను. కక్షిదారుఁడు బాకీ తీఱినదని సంతసించుచు నింటికిఁ బోవును. నిజమునకు తీఱినది బాకీ కాదు. వసూలుచేయు మార్గమే మూయఁబడినది. కావుననే 1872 సంవత్సరపుఁ గాంట్రాక్టు చట్టపు 25వ సెక్షను, కాలదోషము పట్టిన బాకీని సైతము చెల్లింతునని ఋణస్థుఁడు వ్రాసి సంతకము చేసినచో నా వాగ్దానము చెల్లునని చెప్పుచున్నది.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రము మీ రెఱుఁగుదురు. తండ్రి ద్వారకానాథుఁడు 1846లో గతించిన పిమ్మట వారి వర్తకసంస్థ కూలిపోయెను. ధర్మకర్తల యధీనమున నుంచఁబడిన ఆస్తిని అప్పులవారు తాఁకఁజాలరు. అయినను ఆయన దాని మాటున దాఁగక, దానిని సైతము వారి యెదుట నుంచి, క్రమముగ బాకీలు తీర్చెను. చట్టము విడిచినవానిని అంతరాత్మ విడువలేదు.

ఇఁక శాస్త్రము. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూఁటితో మనుష్యుఁడు జన్మించునని పురోహితుఁడు చెప్పును. శతపథబ్రాహ్మణము నాల్గవదియగు మనుష్యఋణమును గూడఁ జెప్పి, అన్నమును, ఆశ్రయమును ఇచ్చుటచే నది తీఱుననుచున్నది. మనము మూఁటిని జ్ఞప్తియందుంచుకొని, నాల్గవదానిని మఱచితిమి. తద్దినము తప్పని గృహస్థుఁడు తన పొలమును దున్నినవానిని గడప యవతల నిలిపెను. పితరులకుఁ బిండము పెట్టిన చేతులే బాలవితంతువు శిరోజములు తీయించెను.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు కాకినాడలో ననాథబాలురను జేరఁదీసిరి. వీనిని మనము దయ యని కొనియాడుచున్నాము. దయ గొప్ప గుణమే. కాని దాత తలయెత్తి నిలుచును. ఋణస్థుఁడు తలవంచి నిలుచును. మనము నిలువవలసిన తీరు రెండవది.

“అది పూర్వుల పాపము; మా కేమి సంబంధము?” అని మీలోఁ గొందఱందురు. పూర్వుల పొలమును, పేరును, విద్యను స్వీకరించి వారి బాకీని మాత్రము త్రోసివేయుట యే న్యాయము? 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణమున నస్పృశ్యతను రద్దుచేసినది. అది కాలదోషము పట్టిన బాకీకి జాతియంతయు వ్రాసియిచ్చిన క్రొత్త పత్రము. పత్రము వ్రాసినంతమాత్రమున బాకీ తీఱదు. దానిని మన పంక్తిలో, మన నూతికడ, మన బిడ్డల వివాహములలోఁ జెల్లింపవలెను.

ఓ పరమేశ్వరా! నీ న్యాయస్థానమున గడువులు లేవు. మే మిచ్చునది దానమను గర్వమును మానుపుము. తీర్పవలసినది తీర్చు ధైర్యమును, తీర్చునపుడు తలవంచు వినయమును మాకుఁ బ్రసాదింపుము.

ఓం తత్సత్.