కుట్ల కొసన ఉబ్బుకి అంత తొందరేమిటమ్మాయ్?

అద్దం ముందు పక్కకి తిరగడం, తుంటి దగ్గర వేలితో నొక్కి చూసుకోవడం ఇక చాలించమ్మాయ్. పొద్దున చూశావు, మధ్యాహ్నం చూశావు, స్నానమయ్యాక మళ్ళీ చూస్తావు. పూటపూటకీ మారేది కాదది. నెలలు పడుతుంది.

పొట్ట తగ్గింది కదా, ఆ మాట ఎత్తవేం? ఇద్దరు పిల్లల్ని కన్నాక వేలాడిన చర్మం పోయింది. కాన్పులకి విడిపోయిన పొట్ట కండరాల్ని దగ్గరకి లాగి కుట్టారు. చీర కుచ్చిళ్ళు చక్కగా నిలుస్తున్నాయి. ఇంత పని జరిగితే నీ కన్ను మాత్రం మచ్చకి రెండు చివరలా లేచిన ఆ ముడతల మీదే. డాక్టర్లు వాటిని డాగ్ ఇయర్స్ అంటారని విని మరింత బెంగపెట్టుకున్నావు. టమ్మీ టక్ ఎందుకు చేయించుకున్నావని నేను అడగను. నీ ఒళ్ళు, నీ ఇష్టం. కానీ ఇప్పుడు తొందరపడితే మాత్రం ఊరుకోను.

అదెందుకొస్తుందో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. దర్జీ ఒక పొడుగు అంచుని ఒక పొట్టి అంచుకి కలిపి కుడుతున్నాడనుకో. మధ్యలో ఎంత సర్దినా మిగులు బట్టంతా చివరికి జరిగి అక్కడ లేచి కూర్చుంటుంది. నీ పొట్ట మీదా అంతే, పై అంచు పొడుగు, కింది అంచు పొట్టి. చివర చదునుగా రావాలంటే కోత నడుం పక్కకి ఇంకాస్త సాగాలి. మచ్చ పొట్టిగా ఉండాలంటే చివర ఉబ్బు మిగలొచ్చు, ఉబ్బు వద్దంటే మచ్చ పొడుగవుతుంది. రెండూ తగ్గాలంటే డాక్టరుగారు మాత్రం ఏం చేస్తారు? "మచ్చ చిన్నగా రావాలి సార్" అని ఆపరేషన్‌కి ముందే పట్టుబట్టే పిల్లలకి ఈ లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. పక్కల్లో కొవ్వున్నవాళ్ళకీ, బాగా బరువు తగ్గి చర్మం వీపుదాకా వదులైనవాళ్ళకీ ఇది ఇంకా ఎక్కువ. మగపిల్లలూ చేయించుకుంటున్నారులే, ఆడవాళ్ళ గొడవ అనుకోవడానికి లేదు. ఈ ఆపరేషన్ కొత్తదీ కాదు, 1899లోనే అమెరికాలో కెల్లీ అనే డాక్టరు ఇలా పొట్ట కింది చర్మాన్నీ కొవ్వునీ కోసి తీశాడు. అప్పటినుంచీ చేస్తున్నా ఆ కొసల పేచీ పూర్తిగా తీరలేదంటే, నీ ఒక్కదాని తలరాత కాదని అర్థం.

అందుకే ఆగమంటున్నాను. మొదటి నెలల్లో కనిపించేదంతా మిగులు చర్మం కాదు, అందులో చాలావరకు వాపే. వాపు దిగుతుంది, చర్మం ముడుచుకుంటుంది, చిన్న ఉబ్బులు వాటంతటవే చదునవుతాయి. మచ్చ ఎరుపు తగ్గి మెత్తబడటానికే ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఆర్నెల్లయినా ఆగనిదే, చాలామందైతే ఏడాది నిండనిదే, సర్జన్లు మళ్ళీ కత్తి పట్టరు. నువ్వు ఆరో వారానికే ఫోన్ చేసి డేట్ అడిగావట! వాపు మీద కోస్తే, వాపు దిగాక అక్కడ ఎంత మిగులుతుందో ఎవరికి తెలుసు? అవసరం లేని చర్మం కోసి, అవసరం లేని మచ్చ పొడిగించుకుంటావు.

ఈ ఆగే నెలల్లో చేతులు ముడుచుకు కూర్చోమనడం లేదు. బెల్టు డాక్టరుగారు చెప్పినన్నాళ్ళు కట్టుకో. చెన్నై ఎండలో, అందులో కత్తిరి ఎండల రోజుల్లో, దాని కింద చెమటపట్టి దద్దుర్లు లేస్తాయి, నిజమే. అలాగని నీ అంతట నువ్వు విప్పి పక్కన పడెయ్యకు. లోపల పల్చటి నూలు బనీను వేసుకో, రెండో బెల్టు కొనుక్కుని మార్చి మార్చి ఉతుక్కో, అప్పటికీ తగ్గకపోతే వాళ్ళనే అడుగు. మా రోజుల్లో బాలింతకి నడికట్టు కట్టి, దాంతోనే పొట్ట లోపలికి పోతుందనుకునేవాళ్ళం. కట్టు వాపుకీ నడుముకీ ఆసరా ఇస్తుంది, అంతవరకే. మిగిలిన చర్మాన్ని ఏ కట్టూ కరిగించదు. కాబట్టి ఉబ్బు పోవాలని బెల్టుని ఊపిరాడకుండా బిగించకు. సిలికాన్ జెల్, మర్దన లాంటివి పుండు పూర్తిగా మానాక, వాళ్ళు సరేనన్నాకే. బరువు ఒక్క తీరున ఉంచుకో. పండక్కి నాలుగు కిలోలు పెరిగి, పెళ్ళికని ఆరు కిలోలు తగ్గి, మళ్ళీ ఆ కొసల్నే తిట్టుకుంటే ఎలా?

ఇంకో మాట, ఇది మాత్రం జాగ్రత్తగా విను. లేచిన ప్రతి ఉబ్బూ ఈ ముడతే అనుకోకు. ఒకవైపే ఉన్నట్టుండి పెరిగినా, నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టున్నా, నీరు చేరిందేమో చూపించుకోవాలి. ఎర్రబడి వేడిగా ఉండి జ్వరమొస్తే అదే రోజు వెళ్ళాలి. పిక్క నొప్పెట్టి వాచినా, ఆయాసమొచ్చినా క్షణం ఆగకు, అది రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఇక్కడ చేయించుకునేవాళ్ళు మరీ జాగ్రత్త. డిశ్చార్జి కాగానే కారెక్కి, కాళ్ళు కదపకుండా ఇంటిదాకా కూర్చుంటారు. ఆనక చెకప్‌కి రమ్మంటే దూరమంటారు.

సరే, ఏడాదయింది, ఉబ్బు అలాగే ఉంది. అప్పుడు తీయించుకో, నేనే వెళ్ళమంటాను. చాలావరకు ఆ చోటికే మత్తిచ్చి మిగులు చర్మం కోసి కుడతారు, కింద కొవ్వుంటే సన్నటి గొట్టంతో లాగేస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. మచ్చ రెండు వైపులా కొంచెం సాగుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకో. ఖర్చు సంగతి ముందే కాగితం మీద రాయించుకో, ఫీజు లేదన్నా థియేటరుకీ మందులకీ వేరే పడొచ్చు. అందం కోసం చేయించుకునేవాటికి మామూలుగా మెడిక్లెయిమ్ ఇవ్వరు.

చిన్న పనే కదా అని చవగ్గా దొరికిన చోటికి మాత్రం వెళ్ళకు. 2024 ఏప్రిల్‌లో బరువు తగ్గే ఆపరేషన్ కోసం పుదుచ్చేరి నుంచి మన చెన్నై పక్కనున్న పమ్మల్‌కి వచ్చిన కుర్రాడు ప్రాణాలతో ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఆ ఆపరేషన్ వేరు, ఇది వేరు, నాకు తెలుసు. అయినా మత్తిచ్చే చోట ఏ వసతులున్నాయో, కోసేవాళ్ళు ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్ళో కాదో అడగడానికి మొహమాటమెందుకు? మొదట చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళడం మేలు, లోపల ఏం కుట్టారో వాళ్ళకే తెలుసు. వాళ్ళ మీద నమ్మకం పోతే ఇంకొకరి మాట తీసుకో. మన చెన్నై స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆర్. వెంకటస్వామి 1971లో మొదలుపెట్టిన చేతుల, ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. తెగిన వేళ్ళు అతికించే చోట చర్మం సంగతి తెలియకుండా ఉంటుందా? సర్కారు ఆసుపత్రని మీ తరం మొహం తిప్పుకుంటుంది కానీ, నేనైతే ముందు అక్కడే చూపించేదాన్ని.

ఆ కొసలు తీయించుకునేటప్పుడు మీ ఆయనకీ మీ అత్తగారికీ దాచకుండా చెప్పు. చెప్పకపోతే ఆపరేషనయిన మర్నాడే అన్ని పనులూ నీ మీదే పడతాయి, నువ్వూ కాదనలేవు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను డిస్పెన్సరు మీదకెత్తే పని ఆయనకి అప్పజెప్పు. చిన్నాడు ఎత్తుకోమని మారాం చేస్తే మా ఇంట్లో దింపు. వాడికి పప్పన్నం నేను పెడతాను, నువ్వెళ్ళి కుట్లు తీయించుకుని రా.